వెనక కాసే మనిషి మీద నేను రాసిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గోడగడియారం, తాతయ్య కూర్చున్న టేకు కుర్చీ, ఆ రెండింటికీ మించిన గర్వం మాత్రమే మిగిలి ఉండేవి. మా తాతయ్య పెద్ద మేస్త్రీ. విశాఖపట్నం, బరంపురం వైపు ఊళ్ళ నుంచి మనుషులను ఓడల్లో తీసుకొచ్చి రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనికి పెట్టేవాడు. రంగూన్ నడిబొడ్డున లత అనే పేటలో మాకు మేడ ఉండేది. ఆయన పోయిన రెండేళ్ళకే అది చేయి దాటిపోయింది. మేము ఊరి అంచున తామ్వే పేటలో రెండు గదుల్లోకి మారాం. ఒకప్పుడు తాతయ్యకు వంగి దండం పెట్టిన మనుషుల మధ్యే మా నాన్న ఒక మిల్లులో ధాన్యం తూకం చూసే పనికి కుదిరాడు. అయినా చొక్కా గుండీలన్నీ పెట్టుకోనిదే మా అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. వీపు నిటారుగా పెట్టి నడవమనేది. నేను ఇప్పటికీ అలాగే నడుస్తాను. అందుకు నాకు సిగ్గు లేదు. నా సిగ్గు వేరే సంగతికి.

ఆ మిల్లులో ఇంజను చూసే దొర ఆస్ట్రేలియా వాడు. తన దేశంలో ఆడే ఫుట్‌బాల్‌ను మన కూలీలకు నేర్పాడు. ఆ బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు కానీ విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించాలి. తన్నిన బంతిని నేల తాకకముందే గాలిలో ఒడిసి పట్టినవాడికి, ఎవరూ అడ్డు రాకుండా నింపాదిగా తన్నే హక్కు దొరుకుతుంది. మైదానం చివర నాలుగు వెదురు గుంజలు. నడిమి రెండింటి మధ్య నుంచి బంతి పోతే ఆరు పాయింట్లు. ఊక పోసి చదును చేసిన నేల మీద మనవాళ్ళు వట్టి కాళ్ళతో ఆడేవారు. వెదురు బంతిని చేయి తగలకుండా కాళ్ళతో ఎగరేసే ఆటకు అలవాటుపడిన బర్మా వాళ్ళు మొదట్లో దీన్ని చూసి పడీపడీ నవ్వేవారు. పోనుపోను వాళ్ళే గొడుగులు వేసుకొచ్చి చుట్టూ నిలబడి 'కౌండే, కౌండే' అని మెచ్చుకునేవారు.

జట్టులో చోటు అంటే సరదా ఒక్కటే కాదు. వానలు పట్టి ధాన్యం రాక తగ్గగానే మిల్లు సగం మందిని పంపేసేది. జట్టులో ఉన్న పద్దెనిమిది మందిని మాత్రం మిల్లు నడిపే పెద్ద దొర వానాకాలమంతా పనిలో ఉంచేవాడు. అందుకే ఎండాకాలం ఆటల్లో ఒక్కొక్కడూ ప్రాణం పెట్టి ఆడేవాడు.

ఇంజను దొర సెలవు మీద తన దేశానికి వెళ్ళి తిరిగి రాలేదు. జట్టుకు నేర్పే పని మిల్లులో బస్తాలు మోసే తండేలు మావకు వచ్చింది. ఆయన మన తీరంలో చేపల పడవకు పెద్దగా ఉండి నడిపినవాడు, అందుకే అందరూ అలా పిలిచేవారు. ఆటను ఆయన దొర దగ్గర నిలబడి కళ్ళతో నేర్చుకున్నాడు. చదువు మాత్రం లేదు. దాంతో ఆటను కాగితం మీద పెట్టే పని నాకు దక్కింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇంగ్లీషు బడికి పోయే పిల్లవాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

దొర విడిచిపోయిన పద్ధతి ఒకటి ఉండేది. ప్రతి ఆటగాడి పేరు ఎదుట మూడు గడులు. గాలిలో ఎన్నిసార్లు పట్టాడు, ఎన్నిసార్లు తన్నాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు. ఒక్కోదానికి ఒక్కో గీత. ఆట అయ్యాక ఒక్కొక్కడి మీదా ఒక వాక్యం, నేర్పేవాడి మీద కూడా ఒక వాక్యం. ఆ కాగితం హెడ్ గుమాస్తా చేతుల మీదుగా పెద్ద దొరకు వెళ్ళేది. ఇంజను దొర ఉన్న రోజుల్లో గీతలకు అందనిది ఆయన తన కళ్ళతో చూసి ఆ వాక్యంలో రాసేవాడు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఆట ముగియగానే కండలు తిరిగిన మనుషులు చెమటలు కక్కుతూ నా చుట్టూ చేరి "బాబూ, నాకెన్ని గీతలు?" అని అడుగుతుంటే, మా మేడ మళ్ళీ మాకు వచ్చినట్టే ఉండేది. అడగనివాడు ఒక్కడే. మన గోలుకు ముందు, అందరికన్నా వెనక కాసే అన్న. ఆయన మా తాతయ్య తెచ్చిన వాళ్ళలోవాడు కాడు. శ్రీకాకుళం వైపు నుంచి తనంతట తానే వచ్చాడు. ఆ ఏడే భార్యను తెచ్చుకున్నాడు. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

ఒకనాడు ఆట మధ్య విరామంలో ఆయన నావైపు చెయ్యూపి కేకేశాడు. "ఒరే గుంటడా, కాలీగా కూకున్నావు గదా, ఆ నీళ్ళకుండ ఇలగట్టుకురా!"

నేను నీళ్ళు మోసేవాణ్ణి కానని చెప్పాను. వీపు ఇంకాస్త నిటారుగా పెట్టి మరీ చెప్పాను.

"మరేటి నువ్వు, లాటు సాయిబువా? సొక్కాకి గుండీలుంటే కాళ్ళు నడవవేటి?"

జట్టంతా ఘొల్లుమంది. తండేలు మావ కూడా నవ్వాడు. ఆ అన్న తానే లేచి, కుండ ఎత్తి తెచ్చుకుని, తాను తాగకముందు నాకూ ఒక లోటా అందించాడు. నేను తీసుకోలేదు.

ఆ సాయంత్రం కాగితం ముందు కూర్చుంటే ఆయన పేరు ఎదుట మూడు గడులూ ఖాళీగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. అది అబద్ధం కాదు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే నేను నా కసి తీర్చుకున్నాను. 'ఇతనికి బంతి పట్టడం రాదు, చేతికి వచ్చిన బంతిని గుద్ది పారేస్తాడు, జట్టుకు బరువు' అని రాశాను. తండేలు మావ నవ్వు గుర్తొచ్చి ఆయన మీద కూడా రాశాను. 'ఇలాంటివాణ్ణి వెనక నిలబెట్టడం చూస్తే ఇతనికి మనుషులను ఎంచడం, ఆట నేర్పడం తెలియదు.' నా ఇంగ్లీషు చాలా అందంగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

నాలుగు రోజులకు హెడ్ గుమాస్తా కూలీలు ఉండే బారకాసు దగ్గరకు వచ్చి ఆ మాటలు తెలుగులో చదివి వినిపించాడు. వెనక కాసే మనిషిని జట్టులోంచి తీసేస్తున్నామనీ, సీజను కాగానే ఓడ చూసుకోమనీ చెప్పాడు. ఆయన భార్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నెలలు నిండిన మనిషి వానాకాలం సముద్రం మీద పోవాలని నాకు అప్పుడే తట్టింది. నేను రాసేటప్పుడు అది ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

తండేలు మావ గుమాస్తా వెంటపడి, బతిమాలి, ఆ మనిషికి ఇంకొక్క ఆట సంపాదించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆట రోజున తన పొట్లంలోంచి తమలపాకులకు రాసుకునే సున్నం తీసి, నీళ్ళు కలిపి, నేను చూస్తుండగానే ఆ అన్న పిడికిళ్ళ నిండా దట్టంగా పులిమాడు. ఎన్నో ఆటల దెబ్బలకు ఆ వేళ్ళ కణుపులు పగిలి ఉన్నాయి. సున్నం పగుళ్ళలోకి దిగేసరికి ఆయన పళ్ళు బిగించాడు.

"మంటగుందా?" అన్నాడు మావ.

"ఒగ్గీయ్ మావా, దీనికేటి."

"బాబూ, నువ్వు ఎప్పట్లాగే గీతలు గియ్యి" అని మావ నాతో అన్నాడు.

ఆ రోజు ఎదుటి జట్టు ట్వంటే కాలువ ఒడ్డు మిల్లు నుంచి పడవలో వచ్చింది. వాళ్ళలో ఒక పొడవాటి బర్మా ఆటగాడు గాలిలోకి లేస్తే కొంగలా తేలేవాడు. వాళ్ళు తన్నిన ప్రతి పెద్ద బంతీ అతని కోసమే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వెనక కాసే అన్న అతని భుజం పక్క నుంచి లేచి దాన్ని అవతలకు గుద్దేవాడు. నేను గీతల కోసం బంతినే చూస్తున్నాను. పట్టినవాడికి గీత, తన్నినవాడికి గీత. మధ్యమధ్య మావ మళ్ళీ సున్నం పులుముతున్నాడు. మనవాళ్ళు గెలిచారు. ఆ అన్న గడులు మళ్ళీ ఖాళీ.

మావ బంతి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. గోధుమరంగు తోలు నిండా తెల్లటి మచ్చలు. కొన్ని చెరిగిపోయాయి, కొన్నింటిలో నాలుగు కణుపులూ విడివిడిగా తెలుస్తున్నాయి.

"లెక్కెట్టు" అన్నాడు.

చెరగనివి పదిహేడు తేలాయి.

"ఇయి లేకపోతే ఆ పొడుగోడు పదిహేడుమాట్లు పట్టునేవోడు. పట్టునుంటే ఎన్ని గోల్సయ్యేవో నువ్వే సూసుకో. ఈడు బంతి పట్టడానికి నిలబడనేదు బాబూ, ఆడు పట్టకుండా సూడ్డానికి నిలబడ్డాడు. నాను అలగే నిలబెట్టేను." తరువాత ఇంకో మాట అన్నాడు. "నీ కాయితంలో దీనికి గడి నేదు. అది నీ తప్పు కాదు. నువ్వు రాసిన మాట నీదే."

అంతా అర్థమైంది. నేను ఎందుకు అలా రాశానో ఆయనకు తెలుసని కూడా అర్థమైంది. ఇంటికి వెళ్ళి కొత్త కాగితం రాయడానికి కూర్చున్నాను. 'క్రితంసారి నేను పొరపాటు రాశాను' అని రాస్తే చాలు. నా చేయి ఆ మాట రాయలేదు. పొరపాటు చేశానని మిల్లు గుమాస్తాకు చెప్పుకోవడం మేస్త్రీ మనవడికి తగదనిపించింది. 'క్రితం ఆట తరువాత ఇతను చాలా బాగుపడ్డాడు. పదిహేడుసార్లు గోలు తప్పించాడు. ఇతను జట్టులో ఉండాలి' అని రాశాను. తండేలు మావ పేరు ఎత్తలేదు. ఎత్తితే మొదటి కాగితం ఎందుకు అలా ఉందో చెప్పవలసి వచ్చేది.

గుమాస్తా ఆ కాగితం కూడా బారకాసు ముందు చదివాడు. ఆ అన్నను ఉంచుతున్నామని చెప్పి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూశారా? మేస్త్రీ గారి మనవడనిపించాడు. ఒక్క మాట రాసి మనిషిని దారిలో పెట్టాడు."

ఎన్నాళ్ళుగానో ఎవరైనా అంటారేమోనని ఎదురుచూసిన మాట అది. వెనక కాసే అన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. సున్నం తిన్న వేళ్ళు పొక్కి ఎర్రగా ఉన్నాయి. "సల్లగుండాలి బాబుగారూ. మీరు రాయబట్టి మాయావిడ ఓడెక్కే పని తప్పింది" అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

తండేలు మావ పక్కనే ఉన్నాడు. నావైపు చూసి, కాస్త ఆగాడు. నేను నోరు తెరుస్తానేమోనని ఆగాడు. నేను నిటారుగా నిలబడ్డాను. ఆయన బంతి చంకన పెట్టుకుని గోదాం వైపు వెళ్ళిపోయాడు.

ఆ అన్నకు వానల్లో కూతురు పుట్టింది. జట్టులో ఇంకా చాలాకాలం ఆడాడు. మొదటి కాగితంలో తండేలు మావ మీద నేను రాసిన వాక్యం మాత్రం పెద్ద దొర దగ్గర అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడు నేర్పడానికి ఇంకొకరిని పెట్టారు. మావ మళ్ళీ బస్తాల దగ్గరకు వెళ్ళాడు. నేను ఎదురుపడితే ఎప్పటిలాగే "బాగున్నావా బాబూ" అని పలకరించేవాడు, ఇంకేమీ అడిగేవాడు కాడు.

తరువాతి జీవితంలో నేను బడిపంతులునయ్యాను. పిల్లల మీద, తోటి పంతుళ్ళ మీద ఎన్నో వాక్యాలు రాయవలసి వచ్చింది. ప్రతిసారీ సంతకం పెట్టేముందు, నా కాగితంలో గడి లేని పని ఈ మనిషి ఏం చేస్తుంటాడా అని ఆగి వెతికాను. అది మావ నాకు నేర్పినది, దాన్ని శ్రద్ధగానే పాటించాను. కానీ దానితో నా సిగ్గు తగ్గలేదు. ఎవరైనా నన్ను గౌరవంగా పిలిస్తే ఒక్క క్షణం మెడ కిందికి వాలుతుంది, వెంటనే సర్దుకుంటాను. మావ నా కోసం ఆగి నిలబడిన ఆ కొద్దిసేపు నాకు బాగా గుర్తుంది. అందులో నేను చెప్పవలసిన మాటకు కావలసినంత సమయం ఉంది.