కర్రికి ముందు పెట్టిన ముద్ద

ఎండలో వేసిన దూది దిండును నిన్న మధ్యాహ్నం బ్రాడీపేటలోని మా మేడ మీద నుంచి తెచ్చి ముఖానికి ఆనించుకుంటే, ఆ వెచ్చని వాసనకు కనిగిరి దగ్గర మా ఊళ్లోని రేకుల షెడ్డు, అందులో దూది ఏకుతూ కనుబొమలదాకా తెల్లబడిపోయిన మా నాయన, గుమ్మం పక్కన పాత పరుపు ముక్క మీద పడుకున్న కర్రి కళ్ల ముందుకొచ్చాయి.

కర్రి మా నల్ల కుక్క. నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చింది. దూది బస్తాల దగ్గరికి మేకలను రానిచ్చేది కాదు. మేము వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే గీసిన గడుల మధ్యే పడుకునేది. పీర్ల పండక్కి అమ్మ బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతుంటే మాకంటే ముందే వాసన పట్టేది. నాకు పదేళ్లు వచ్చేసరికి దాని పళ్లు ఊడిపోయాయి, ఒక కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది.

ఆ ఏడు మిరపకాయలు కళ్లాల్లో ఎర్రగా ఆరుతూ, ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, నాయన పరుపులు ఇచ్చి వస్తూ తల్లి చచ్చిపోయిన రెండు కుక్కపిల్లలను సంచిలో వేసుకొచ్చాడు. నేనూ తమ్ముడూ ఇక వాటిని వదల్లేదు. అవి కర్రి చెవులు కొరికేవి, తోక పట్టి లాగేవి, దాని చిప్పలో తలలు దూర్చి అన్నమంతా తినేసేవి. కర్రి ఒకసారి గుర్రుమంటే తమ్ముడు దాన్నే అదిలించాడు. ఆ తర్వాత అది చిప్ప దగ్గరికి రావడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే పరుపు ముక్క మీద కర్రి లేదు.

పత్తి చేలన్నీ వెతికాం. పొద్దు వాలే వేళకు, పీకి పోగేసిన పత్తికట్టె నీడలో కనిపించింది. పిలిస్తే తోక కదిపింది గానీ లేవలేదు. నాయన దాన్ని గొర్రెపిల్లలా మెడ మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. అమ్మ చూసి, జొన్నన్నం మజ్జిగలో మెత్తగా పిసికి తెచ్చింది.

“ఆ పిల్లల్ని కట్టెయ్యండి. ముందు దీనికి పెట్టాకే వాటికి. ఇది ఈ ఇంటికి మీకంటే ముందొచ్చింది,” అంది.

“మరి తినకపోతేనో?” అన్నాడు తమ్ముడు.

“తినేదాకా కూర్చుంటా.”

నిజంగానే కూర్చుంది. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వస్తున్నా లేవలేదు. చివరికి కర్రి ఆమె వేళ్ల మీది అన్నం నాకింది. నాయన ముఖం అటు తిప్పుకున్నాడు.

రోజూ అదే వరస. కొన్నాళ్లకు కర్రి తనంతట తానే చిప్పలో కొంచెం వదిలి పక్కకు జరిగేది. పిల్లలు గునగునా వచ్చి నాకేవి. వానలు మొదలయ్యేసరికి మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టాయి. కర్రి మొరిగితే, ఎందుకో తెలియకపోయినా అవీ మొరిగేవి. మరో మిరప కోత చూశాక, ఒక మధ్యాహ్నం, ఆ రెండింటి మధ్య నిద్రలోనే కన్నుమూసింది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. దూది ఏకించుకునేవాళ్లూ లేరు. ఊరికి స్పాంజి పరుపులు వ్యాన్లలో వస్తున్నాయి. మా వాకిలి రోడ్డులో కలిసిపోయింది. అమ్మ పోయి చాలాకాలమైంది. నాకు రెండో బిడ్డ పుట్టినప్పుడు చుట్టాలంతా ఉయ్యాల చుట్టూ మూగితే, గోడకు ఆనుకుని నిలబడ్డ నా పెద్దకూతురిని పిలిచి ముందు ఒళ్లోకి తీసుకున్నాను. “చంటిది ఏడుస్తోందే,” అన్నారెవరో. ఏడవనిచ్చాను కాసేపు. పెద్దది నా మెడ చుట్టూ చేతులు వేసి, చాలాసేపటికి గాని వదల్లేదు.