ఎలుక తిన్న వేలితొడుగులు

1944లో తిరుపతిలో, పెళ్లి సత్రాల వీధిలో నేను పూటకూళ్లిల్లు నడుపుతుండేదాన్ని. వంటా, చదువూ రెండూ ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. స్వామి దయవల్ల రెండూ అన్నం పెట్టాయి. పెళ్లిమేళాల వాళ్లు మా ఇంట్లోనే దిగేవారు.

వాళ్లలో నాదస్వరం ఊదే మునిరత్నం బావ, డోలు వాయించే సుబ్బరాయుడు ఆయన బావమరిది. తాళం ఎవరు తప్పారన్న తగవుతో మాటలు మానేసి ఏళ్లయింది. వాయించేటప్పుడు ఒకే ప్రాణం. భోజనాల దగ్గర మాత్రం మధ్యన నేనుండాలి.

"అక్కా, ఆయప్పకు సెప్పు, చారు మాకూ మిగల్చమని" అనేవాడు మునిరత్నం.

"ఊదేది గాలే గదా, చారెందుకని అడుగక్కా ఆయప్పను."

ఇద్దరూ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చునే ఈ మాటలు!

డోలు వాయించే కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులుంటాయి. గుడ్డపేలికలను అన్నపు జిగురులో ముంచి, వేళ్లకు చుట్టి, రాయిలా ఎండబెడతారు. ఒకరివి ఇంకొకరికి పట్టవు. సుబ్బరాయుడు తనవి చెమ్మ తగలకుండా మా వంటింటి అటక మీద దాచుకునేవాడు. ఒక పెళ్లినాటి పొద్దున తీసి చూస్తే పీచే మిగిలింది. అన్నం గదా, ఎలుకకు విందయింది.

"తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగకపోతే అపశకునమంటారక్కా. ఇంగ మమ్మల్ని ఎవురు పిలుస్తారు?" అంటూ కూలబడ్డాడు.

నేను అన్నం మెత్తగా నూరాను. గుడ్డేది? యుద్ధం రోజులు, బట్టకు కంట్రోలు. మా ఇంటి పాతగుడ్డలు పట్టుకుంటే చిరిగేవి. ఇంతలో చర్రుమని చప్పుడైంది. మునిరత్నం, తనకు సన్మానంలో కప్పిన జరీ ఉత్తరీయాన్ని నిలువునా చింపేశాడు.

"సెయ్యి సాపమని సెప్పక్కా ఆయప్పకు."

"మెల్లిగా సుట్టమను. నొస్తా ఉండాది."

సుబ్బరాయుడు పొయ్యిని ఆశీర్వదిస్తున్నట్టు సెగకు చెయ్యి చాపి కూర్చున్నాడు. తొడుగులు ఆరాయి. ముహూర్తానికి ఎదురు సత్రంలో గట్టిమేళం మోగింది. గరిటె కింద పెట్టి చేతులు జోడించాను. మెరిసే ఆ వేళ్లు చూసి అదేదో కొత్త నగ అనుకున్నారట పెళ్లివారు.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నారు. "అక్కా, ఆయప్పకు సెప్పు..." అని మొదలుపెట్టి సుబ్బరాయుడు ఆగిపోయాడు. నా చేతిలోని నేతిగిన్నె అందుకుని బావ అన్నంలో తనే వంచాడు.

మునిరత్నం తలెత్తలేదు. "సాలని సెప్పక్కా ఆయప్పకు" అన్నాడు.

నేను చెప్పలేదు. నెయ్యి పడుతూనే ఉంది.

వడ్డించేవాళ్లకు ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో కూడా తెలియాలి. అది నేర్చుకున్నది ఆ పూటే. అప్పటినుంచి వినాయకుడికి దీపం పెట్టినప్పుడల్లా ఆయన వాహనానికీ ఒక దణ్ణం పెడుతున్నాను.