ఇన్యూట్ తల్లి నుదుట బొట్టు

న్యూజీలాండ్‌లో, వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో రెండేళ్ళు ఒక పెద్దావిడకి పొద్దున్నపూట స్నానం చేయించి, టిఫిన్ పెట్టి, మందులు వేసేదాన్ని. వయసులో ఉండగా ఆవిడ కెనడా ఉత్తరపు కొసన, మంచు ప్రాంతంలో నర్సుగా చేసింది. అక్కణ్ణించి తెచ్చుకున్న బొమ్మ ఒకటి ఫ్రేము కట్టి హాల్లో గోడకి ఉండేది. కోటు వెనక సంచిలాంటి టోపీలో బిడ్డని పెట్టుకుని నిలబడ్డ తల్లి. నల్లటి ఆకారం, కాస్త ఎరుపు, చుట్టూ అంతా ఖాళీ. ఆవిడ జుట్టు దువ్వుతూ నేను రోజూ దానికేసే చూస్తూండేదాన్ని. అది పెద్దావిడ కనిపెట్టింది. తీసుకోమంది. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి తనే గోడ మీంచి దించబోయి తూలింది. ఆవిణ్ణి పట్టుకునే కంగారులో బొమ్మ జారి ఫ్రేము అద్దం పగిలింది. ఇంక కాదనలేకపోయాను.

ఇంటికి తెచ్చి గాజుముక్కలు ఏరేశాను. మా ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా, కారైనా కుక్కరైనా, పసుపు రాసి బొట్టు పెట్టనిదే వాడం. పైగా వచ్చినది పిల్లతల్లి. నాలుగు మూలలా తడి పసుపు అద్ది, తల్లి నుదుట వేలితో కుంకుమ పెట్టాను. పల్చటి కాగితం, చటుక్కున పీల్చేసింది. మావారు చూసి, "ఎస్కిమో ఆవిడకి కూడా పేరంటం చేసేశావా?" అన్నారు. ఆ మాట అనకూడదుట, ఇన్యూట్ అనాలిట, పెద్దావిడ చెప్పింది అన్నాను. "సరే, ఇన్యూట్ వదినగారికి తాంబూలం కూడా ఇచ్చి పంపు," అన్నారు.

ఆ చలికాలంలోనే పెద్దావిడ పోయింది. నిద్రలోనే వెళ్ళిపోయింది. నెలల తరబడి మంచాన పడేయకుండా తీసుకెళ్ళినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నెల తిరక్కుండా టౌరంగాలో ఉండే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. వచ్చి అమ్మ ఇల్లు ఖాళీ చేస్తోందిట. గోడంతా వెలిసిపోయి, బొమ్మ ఉన్న మేర మాత్రం పాత రంగు మిగిలి కనిపించిందిట. అమ్మకి ఆఖర్లో మతి నిలకడగా లేదనీ, ఏది ఎవరికిస్తోందో తెలిసేది కాదనీ మర్యాదగానే చెప్పింది. ఆ మతి ఎలా ఉండేదో నాకు తెలుసు. మా అమ్మాయి పరీక్షల తేదీలు నాకన్నా పెద్దావిడకే బాగా గుర్తుండేవి. బొమ్మ ఇచ్చేస్తానన్నాను. పోతే పోనీ. "అమ్మే మీకిచ్చింది" అనే ఒక్క మాట ఆ కూతురి నోట వస్తే చాలనుకున్నాను. లేకపోతే నేనేమవుతాను, దొంగనేగా? ఆ మాట ఎవరూ అనలేదు. కానీ ఫోన్లో ఆమె మాట్లాడినంతసేపూ నాకదే వినిపించింది.

ముందు వెల కట్టిద్దాం, ఇద్దరం వెళ్దాం అంది. వెల్లింగ్టన్‌లో పాత బొమ్మలు పరీక్షించే ఒకాయన దగ్గరికి ఆమె కార్లో వచ్చింది. నేను బొమ్మని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ట్రెయిన్లో వెళ్ళాను.

ఆయన భూతద్దం పట్టుకుని, అడుగున పెన్సిల్‌తో ఉన్న రాత చదివి వినిపించాడు. బొమ్మ పేరు, రాతి అచ్చు అని, యాభైలో ముప్పై ఒకటోది అని, ఊరు, ఏడాది. పక్కనున్న చిన్న ఎర్ర ముద్ర వాళ్ళ లిపిలో గీసినావిడ పేరుట. రాయి మీద చెక్కి, సిరా పూసి, జపాను కాగితం పరిచి, చేత్తో రుద్ది తీస్తారుట. యాభై తీశాక ఆ చెక్కడాన్ని అరగదీసేస్తారుట. రోజూ చూసిన బొమ్మ గురించి నాకివేవీ తెలియవు. ఒక ఆడమనిషి చేతి పని అని విని సంతోషమేసింది. కూతురి ముఖం కూడా విప్పారింది.

తర్వాత భూతద్దం తల్లి నుదుటి దగ్గర ఆగింది.

"ఇది అచ్చులోది కాదే," అన్నాడాయన.

"నేనే పెట్టాను," అన్నాను.

ఎందుకన్నాడు. ఇంటికొచ్చిన ఆడమనిషిని మేమలా గౌరవిస్తాం అని చెప్పాను. నవ్వలేదాయన, ఆ మంచితనానికి నమస్కారం. మూలల్లో పసుపు ఎండకి వెలిసిపోవచ్చు గానీ ఎరుపు కాగితం పీచులోకి దిగిపోయింది, తీయబోతే కాగితమే చిరుగుతుంది అన్నాడు. శుభ్రంగా ఉంటే ఎంతో, ఇప్పుడెంతో ఒక చీటీ మీద రాసి ఆమె వైపు జరిపాడు. నా వైపు కాదు.

ఆమె చూసి చీటీ మడిచేసింది. బయట ఫుట్‌పాత్ మీద కారు తలుపు తీస్తూ అంది:

"మీరే ఉంచుకోండి. ఇప్పుడు దాన్నెవరూ కొనరు."

"మీ అమ్మగారు నా చేతికిచ్చారు," అన్నాను.

"సరే, ఇప్పుడు నేనిస్తున్నాగా."

తల్లి ఇష్టపడి ఇచ్చినదాన్ని కూతురు మళ్ళీ ఇచ్చింది, పాడైంది గనక. భక్తితో పెట్టిన బొట్టే కదా అని నన్ను నేను సముదాయించుకోబోయాను. కుదరలేదు. నేను బడి మొహం చూడలేదు, నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన చదువే. చూపించడానికి కాగితం లేకపోతే ఎదుటివాళ్ళు ఎలా చూస్తారో ఈ దేశంలో ప్రతి ఉద్యోగం దగ్గరా తెలిసొచ్చింది. పెద్దావిడ నాకిచ్చిందనడానికీ కాగితం లేదు.

ఆమె కారెక్కి బెల్టు పెట్టుకుంది. నేను వంగి "థాంక్యూ" అన్నాను. ఆ మాట అబద్ధంగా అనడం నాకదే మొదటిసారి.