నాగసే చేతులు

తాక్ యోంగ్‌సిల్‌కు నోటి దురుసు తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి బుసాన్ చేపల బజారులో నలభై ఏళ్లు మలుగుచేపలు అమ్మింది, బేరమాడినవాళ్లను నాలుగు దులిపి మరీ పంపేది. కూతురు కెమిస్ట్రీ ప్రొఫెసరైనా ఆ దురుసు పోలేదు. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ల్యాబులో విద్యార్థులు సర్దుకుని కూర్చునేవారు. అలాంటి మనిషి పెద్దవాళ్ల ముందు మాత్రం పిల్లయిపోయేది. మర్యాద కోసం వాళ్ల గ్లాసుల్లో రెండు చేతులా మందు పోసేది. తను తాగాల్సి వస్తే మొహం పక్కకు తిప్పుకుని తాగేది. అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయేది.

ఆ పెద్దవాళ్లలో ఒకాయన కువబారా. సముద్రం దాటితే ఫుకుఒకా, అక్కడ ఆయన ల్యాబు. తైపే సదస్సులో యోంగ్‌సిల్ తను కనిపెట్టిన కొత్త రసాయన చర్య గురించి చెప్పినప్పుడు, మా దగ్గరా చేసి చూస్తాం అన్నాడు. ఆయన వెంట వచ్చిన నాగసే అనే పరిశోధక విద్యార్థి ఆమె పోస్టరు ముందు పూటంతా నిలబడి ప్రశ్నలడిగాడు. వీడు పైకొస్తాడు అనుకుని ముచ్చటపడింది.

ఆ తర్వాత రెండేళ్లూ కువబారా మెయిళ్లన్నీ ఒకటే తీరు. మీ పని గొప్పది, మా చేతులే ఇంకా చాలడం లేదు, సాధన చేస్తున్నాం. ఆమె పొగడ్త అనుకుని మురిసిపోయింది. అసలు వచ్చిందా రాలేదా అని అడగలేదు. అంతటి పెద్దాయన్ని అడిగేదెలా?

ఈసారి సదస్సు బుసాన్‌లోనే జరిగింది. ఆమె ఉపన్యాసానికి ముందురోజు సాయంత్రం కువబారాను మలుగు కాల్చే అంగడికి తీసుకెళ్లింది. తైవాన్ నుంచి సదస్సుకు వచ్చిన గువో మెయ్‌జూ కూడా పిలవకుండానే వెంటబడింది. ఆవిడకు నోరు అదుపులో పెట్టుకోవడం ఏ జన్మలోనూ తెలియదు.

"నాగసే రాలేదేం సార్?" అని అడిగింది యోంగ్‌సిల్.

"మానిపించేశానండీ. మంచివాడే పాపం, చేతులు కుదరవు. వాళ్ల మేనమామ టోఫు కొట్లో ఉన్నాడిప్పుడు."

"ఏం చెయ్యలేకపోయాడేంటి?" మెయ్‌జూ తల పైకెత్తింది.

"తాక్ గారి చర్యే."

"మరి మీ దగ్గర ఇంకెవరికైనా వచ్చిందా సార్, లేదా?" మెయ్‌జూ వదల్లేదు.

పొయ్యి మీద ముక్క మాడుతున్నా ఎవరూ తిప్పలేదు.

"లేదండీ," అన్నాడు కువబారా. "నాకూ రాలేదు."

"అమ్మమ్మా! మరి చెప్పరేం?"

"తప్పు మాదే అయ్యుంటుంది కదా. ఆవిణ్ణి నొప్పించడమెందుకని."

"నువ్వైనా అడగొద్దా అక్కా?"

"పెద్దాయన్ని ఎలా అడగను?" అంది యోంగ్‌సిల్.

"మీ మర్యాదలు మండిపోనూ! ఇద్దరూ కలిసి ఆ కుర్రాడి చేత టోఫు కోయించారు."

యోంగ్‌సిల్‌కు తల తీసేసినట్టయింది. మర్నాడు వేదికెక్కి, ఫుకుఒకాలో ఇది రాలేదు, కారణం తెలిసేదాకా నా మాట నమ్మకండి అని అందరి ముందూ చెప్పేసింది. పరువు సంగతి తర్వాత. తన చర్యే అబద్ధమైతే ఆ కుర్రాడి చదువును తనే పాడుచేసిందన్నమాట. ఆ భయంతో సదస్సు ముగియగానే ఓడెక్కి కువబారా ల్యాబుకు వెళ్లింది.

అక్కడ ఫ్లాస్కులను రాత్రంతా ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టి, చుక్క తేమ తగలకుండా దాస్తారు. వాటిలోనే తన చేతులతో తను చేసింది. నల్లటి జిగురు మిగిలింది. మళ్లీ చేసింది, మళ్లీ జిగురే.

"నాకే రాలేదు సార్," అని కుర్చీలో కూలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది తన ల్యాబు. రేవు పక్కన పాత భవనం, ఎప్పుడూ మూయని కిటికీలు. కడిగిన ఫ్లాస్కులు బల్ల మీద బోర్లిస్తారు, కావలసినప్పుడు నీళ్లు దులిపి వాడేస్తారు. ఈ చర్య గురించిన వ్యాసంలో మాత్రం, అందరూ రాసేదే కదా అని, బాగా ఆరిన ఫ్లాస్కు అని రాసేసింది. ఆ మాట అలవాటు కొద్దీ రాసిందే తప్ప ఏనాడూ చేసి చూసింది కాదు.

లేచి ఒక ఫ్లాస్కును కుళాయి కింద కడిగి, దులిపి, తడిగానే వాడింది. మధ్యాహ్నానికల్లా అడుగున తెల్లటి స్ఫటికాలు దిగాయి. కాస్త నీళ్లుంటేనే వచ్చే చర్య అది. నాగసే ఎంత శ్రద్ధగా ఆరబెట్టాడో, అంతగా చెడింది.

కువబారా వెంటనే నాగసేకు ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

"నాగసే, నేను తాక్‌నయ్యా. మీ ల్యాబులో చేస్తే నాకూ రాలేదు. నీ చేతులు బంగారం. నేనే తప్పు రాశాను."

అవతల కొట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"ఈ మాట మా సార్‌కి చెప్పారా మేడం?"

"పక్కనే ఉన్నారు."

కువబారా ఫోను అందుకున్నాడు. తప్పు నాది, తిరిగి వచ్చెయ్ అన్నాడు. కుర్రాడి గొంతు యోంగ్‌సిల్‌కూ వినిపించింది.

"వద్దు సార్. ఇక్కడ నా చేతులు బాగా కుదిరాయి."

ఫోను చెవికి పెట్టుకునే కువబారా క్షమాపణగా నడుం వంచాడు. అవతల పెట్టేసిన తర్వాత కూడా తల ఎత్తలేదు.