ఆదివారం వేళ్ళు

2007 ఎండాకాలంలో నేను ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద ఒక రొయ్యల షెడ్డులో లేడీ మేస్త్రిగా చేస్తున్నాను. ఆ ఏడే మా షెడ్డుని ట్రయల్‌కి తీసుకున్నారు. నా పేరు నాగమణి. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, అంతకు మించి చదువు లేదు. మా ఆయన చెరువు కాపలాకి వెళ్ళి పాము కరిచి పోయారు. ఆయన పోయాక ఈ షెడ్డులో చేరాను. రొయ్య తల తీసి, ఒలిచి, నడుం మీది నల్ల నరం లాగి, ఐసు తొట్టిలో వెయ్యడం మా పని. మేస్త్రి అంటే పెద్ద ఉద్యోగం కాదు. ఒలిచేవాళ్ళ మీద మేస్త్రి, మేస్త్రి మీద సూపర్‌వైజరు, ఆయన మీద మేనేజరు. మేనేజరు మీద ఏలూరు ఆఫీసు. నేను మాత్రం అందరితోపాటు ఒలుస్తూనే అందరినీ చూసుకోవాలి.

ట్రయల్ అంటే ఏంటో చెప్తాను. మా హాజరు వేలిముద్రతో వేసే సాఫ్ట్‌వేరు ఒకటి తాడేపల్లిగూడెంలో చిన్న కంపెనీ వాళ్ళు తయారు చేశారు. అమ్మకానికి పెట్టే ముందు నాలుగు చోట్ల పెట్టి చూస్తారు. మా షెడ్డులో వేలు పెట్టే మిషను అంతకుముందే ఉంది, ఎవరో అమ్మేసిన పాతది. కంప్యూటరూ పాతదే. ఆ పాత వాటితో ఈ కొత్త సాఫ్ట్‌వేరు పొసుగుతుందా లేదా అని చూడటాన్ని వాళ్ళు కంపాటిబిలిటీ అంటారు. నాకు ఆ మాట నోరు తిరగడానికి చాలా కాలం పట్టింది. కొత్త కాపురం పాత ఇంట్లో ఇమడటం లాంటిదేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ కంపెనీ నుంచి వచ్చినాయన పేరు ప్రసాదు గారు. తణుకు వాళ్ళు. మెత్తటి మనిషి. కూలి మనిషినైనా అండీ అనకుండా పిలిచేవారు కాదు. వారం పాటు మిషను దగ్గరే కూర్చున్నారు. కరెంటు తీయించి జనరేటరు వేయించారు. అలా మారినప్పుడు కంప్యూటరు తారీఖు వెనక్కి పోతోందని ఆయనే కనిపెట్టి సరిచేశారు. ప్రింటరు తీసేసి మళ్ళీ తగిలించి చూశారు. మా పేర్లు తెలుగులో వస్తున్నాయా, జీతాల కాగితంలోకి ఎక్కుతున్నాయా అని చూశారు. ఆయన ఊరికే ఉన్న క్షణం నేను చూడలేదు.

ఇక మిగిలింది మా వేళ్ళు. మేనేజరు గారు ఆదివారం పెట్టారు. లోడు వచ్చే రోజున పెడితే రొయ్య పాడవుతుందని ఆయన బాధ. శనివారం సాయంత్రం ప్రసాదు గారు మా బల్లల దగ్గరికి వచ్చి చెప్పారు. "రేపు మీరు పనిలో ఎలా ఉంటారో అలాగే రండమ్మా. ప్రత్యేకంగా ఏమీ వద్దు."

మేము సరే అన్నాం. కానీ మా వైపు ఆ మాటకి విలువ ఎంతో మీకూ తెలుసు. పెళ్ళికి పిలిచేవాళ్ళు కూడా ఊరికే రండి, ఏమీ తేవద్దు అనే అంటారు. అలాగని ఎవరు ఊరికే వెళ్తారు? పెద్దాయన మర్యాదకి అన్నారు, మన మర్యాద మనం చెయ్యాలి అనుకున్నాం. ఒక్కరికి కూడా వేరే ఆలోచన రాలేదు. ఇంటికెళ్ళి అందరం చేతులు నిమ్మచెక్కతో తోముకున్నాం, నీచు వాసన పోవాలని. కొబ్బరినూనె రాసుకున్నాం. మర్నాడు మాలో చర్చికి వెళ్ళేవాళ్ళు ఆరాధన కాగానే తెల్లచీరల్లో నేరుగా వచ్చారు. మిగతావాళ్ళు తలంటుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. మేనేజరు గారు చూసి, ఫొటో తీయించుకోవడానికి వచ్చారా అని నవ్వారు. ఆయన కూడా బాగానే ఉందనే అనుకున్నారు.

అందరిలోకీ పెద్దది శాంతమ్మ. నా ఎదురు బల్ల. నేను చేరినప్పుడు నాకు ఒలుపు నేర్పింది ఆవిడే. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను ఏమే మణీ అనేది. ఆవిడకీ భర్త లేడు, కొడుకు కొల్లేట్లో చేపల చెరువు మీద పనికి ఉండేవాడు. అంతకు ముందు ఏడు సరస్సు ఖాళీ చేయిస్తూ సర్కారు వాళ్ళు ఆ చెరువులు కొట్టేశారు. పని పోయిన కొడుకు పెళ్ళాంతో పిల్లలతో ఆవిడ పంచన చేరాడు. ఆ ఇంటికి గింజ వచ్చేది శాంతమ్మ రెక్కల మీదే. ఆ వయసులో షెడ్డు కాక ఇంకో పని లేదు ఆవిడకి.

ఏళ్ళ తరబడి ఐసులో, రొయ్య ముళ్ళలో నాని ఆవిడ వేళ్ళు నున్నగా అయిపోయాయి. మా అందరివీ అంతే, ఆవిడవి ఇంకా ఎక్కువ. అయినా ఆ ఆదివారం శాంతమ్మ బొటనవేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. ఆ ముందు రెండు రోజులు లోడు పెద్దగా రాక చేతులు ఆరి ఉన్నాయి, పైగా నూనె. ఆవిడ సంబరపడి ఇంకోసారి పెట్టింది. "చూశావే మణీ, ఈ ముసలి వేలికి కూడా పచ్చజెండా ఊపాడు స్టేషన్ మాస్టారు" అంది. అందరం నవ్వాం. ప్రసాదు గారు కూడా నవ్వి, అన్ని వేళ్ళూ సరిపోయాయని రాసుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి అసలు కాపీ వచ్చింది. దాన్ని రిలీజ్ అంటారు. అదే కాపీ భీమవరం వైపు షెడ్లకీ, గణపవరం వైపు షెడ్లకీ వెళ్ళింది.

లోడు ఎక్కువ వచ్చిన మొదటి రోజు పొద్దున అందరి వేళ్ళూ పడ్డాయి. సాయంత్రం బయటికి వెళ్ళేటప్పుడు ఎవరివీ పడలేదు. రోజంతా ఐసునీళ్ళలో ఉన్న చెయ్యి ఉడకబెట్టిన పెండలం తొక్కలా ముడతలు పడి ఉంటుంది. మిషనుకి అది పొద్దున్న చూసిన వేలు కాదు. సాయంత్రం వేలు పడకపోతే ఆ రోజు రానట్టే లెక్క. సూపర్‌వైజరు మంచాయన, కొన్నాళ్ళు చేత్తో రాశారు. చేత్తో రాస్తే మిషను ఎందుకు కొన్నాం అని ఏలూరు ఆఫీసు వాళ్ళు గట్టిగా చెప్పేసరికి మానేశారు.

వయసులో ఉన్నవాళ్ళు దారి వెతుక్కున్నారు. చేతులు తుడుచుకుని కాసేపు గోడవార ఎండలో కూర్చునేవారు. వేలిని జుట్టులో రుద్ది, ఆ నూనె అంటించుకుని పెట్టేవారు. రెండోసారికో మూడోసారికో పడేది. శాంతమ్మ వేలు మాత్రం ఎంత రుద్దినా పడేది కాదు. అందరూ వెళ్ళిపోయాక కూడా మిషను ముందు నిలబడి వేలు పెట్టేది, తీసేది, ఊదుకునేది, మళ్ళీ పెట్టేది. ఎర్ర లైటే వెలిగేది. నేను పక్కన నిలబడేదాన్ని. ఏం చెయ్యగలను?

తర్వాత ఆవిడ బొటనవేలికి ప్లాస్టిక్ కవరు చుట్టి, దారం కట్టి పనిలో కూర్చోవడం మొదలుపెట్టింది. తడి తగలకుండా దాచితే సాయంత్రానికి పడుతుందని. పక్కవాళ్ళు, ఏమే శాంతమ్మా, నీ బొటనవేలు పెళ్ళికూతురయ్యిందా, పని చెప్పట్లేదు అనేవారు. "అవునే, ముహూర్తం సాయంత్రం" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ఒలుపంతా బొటనవేలి గోటితోనే నడుస్తుంది. ఆ వేలు కట్టేస్తే ఇంకేం మిగిలింది? ఆవిడ ముందు రొయ్య గుట్ట అలాగే ఉండేది. మిగతావాళ్ళు తలా కాస్త తీసుకుని ఒలిచి పెట్టేవారు. కవరులో చెమటకి నాని ఆ వేలు సాయంత్రం మళ్ళీ పడేది కాదు.

మేనేజరు గారు ఆవిణ్ణి పిలిచి, మిషను బాగయ్యేదాకా ఇంటి దగ్గర ఉండండి, బాగయ్యాక కబురు చేస్తాం అన్నారు. పొమ్మనలేదు. అందుకే ఆవిడ నమ్మింది.

నేను సూపర్‌వైజరు చేత ప్రసాదు గారికి ఫోన్ చేయించి, శాంతమ్మ వేలు అసలు పడట్లేదని చెప్పించాను. ఆయన వచ్చి, సాయంత్రం మా చేతులు చూశారు. ఆ రోజు పనిలో ఎలా ఉంటారో అలా రమ్మన్నాను కదమ్మా అని మాత్రం మెల్లగా అన్నారు. అప్పుడు తెలిసింది మాకు, ఆయన మర్యాదకి అనలేదని. మేము చేసింది కూడా తప్పని నేను అనను. పిలిచినచోటికి మాసిన చేత్తో వెళ్ళడం మాకు తెలియదు. ఆయనకి ఆ సంగతి తెలియదు.

కాపీ అన్ని షెడ్లకీ వెళ్ళిపోయింది కాబట్టి ఒక్క మా షెడ్డుకి మార్చడం కుదరదనీ, వచ్చే వెర్షన్‌లో మారుస్తామనీ చెప్పారు. వెర్షన్ అంటే అదే సాఫ్ట్‌వేరుని సరిచేసి మళ్ళీ పంపేది. ఆ మాటే నేను శాంతమ్మకి చెప్పాను. ఇక ఆవిడ రోజూ నేను ఇంటికి వెళ్ళే దారిలో కాలవ గట్టు మీద కూర్చుని ఉండేది. "వెర్షను వచ్చిందటే మణీ?" అని అడిగేది, రావాల్సిన బస్సుని అడిగినట్టు. ఇంకా రాలేదక్కా అనేదాన్ని. వస్తుందిలే అని ఆవిడే నాకు ధైర్యం చెప్పేది.

వానలు పడే వేళకి ఇంట్లో జరగక, కొడుకూ కోడలితో నల్లజర్ల వైపు పామాయిల్ తోటల్లో పనికి వెళ్ళింది. నీడపట్టున కూర్చుని చేసిన మనిషి, ఆ వయసులో గెలలు మోసే పని. అక్కడ జ్వరం వచ్చింది. తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. శవాన్ని ఊరికి తెచ్చారు. మిషను వల్ల పోయిందని నేను అనను, జ్వరం వల్లే పోయింది. షెడ్డులో ఉండి ఉంటే ఆ తోటకి వెళ్ళేది కాదు. అంతవరకు చెప్పగలను.

చర్చి వాళ్ళ అలవాటు ప్రకారం పెట్టెలో పెట్టే ముందు ఆవిడకి తెల్లచీర కట్టారు. చేతులు రెండూ గుండెల మీద పెట్టారు. నేను పట్టుకుని చూశాను. పనిలేక అన్నాళ్ళు ఆరిన చేతులు. వేళ్ళ మీద గీతలు మళ్ళీ కనపడుతున్నాయి.

వెర్షన్ క్రిస్మస్ ముందు వచ్చింది. ఈసారి ప్రసాదు గారు ఆదివారం ఒప్పుకోలేదు. లోడు నిండుగా ఉన్న రోజు, పని మధ్యలో, ఐసు తొట్టి పక్కనే బల్ల వేయించి మిషను పెట్టారు. చెయ్యి నీళ్ళలోంచి తీసి నేరుగా పెట్టమన్నారు. వేలు పడనివాళ్ళకి చిన్న కార్డు చూపించి వెళ్ళే ఏర్పాటు కూడా చేశారు. ఒక్కొక్కరే పెడుతున్నారు. కొన్ని పడుతున్నాయి, పడనివి ఎందుకు పడట్లేదో చూస్తున్నారు. కాసేపటికి తలెత్తి నన్ను అడిగారు.

"శాంతమ్మ గారిని పిలవండమ్మా. ఆవిడ వేలు పడితే ఇంక ఏ షెడ్డులోనైనా పడుతుంది."

ఒలుపు ఆగిపోయింది. ఆవిడ లేరండి అన్నాను. ఇవాళ రాలేదేమో అనుకున్నారు ఆయన.

"పోనీ, రేపు వస్తారా?"

"రారండి."

ఆయనకి అర్థమైంది. మిషను మీద నుంచి చెయ్యి తీసేశారు. తర్వాత మిగతావాళ్ళని రమ్మన్నారు. ట్రయల్ సాయంత్రం దాకా జరిగింది. బాగానే జరిగింది. కార్డు ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ప్రసాదు గారు నన్ను తన కంపెనీ ట్రయల్స్‌కి పిలిచేవారు. మోకాళ్ళు మొరాయించేదాకా తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం తిరిగాను. నా పని ఒక్కటే. ఆడవాళ్ళని ముస్తాబు కానివ్వకుండా పనిలోంచి లేపి అలాగే తీసుకురావడం. ఎంత చెప్పినా చీర కొంగుకి చెయ్యి తుడుచుకోబోయేవారు, నేను పట్టుకుని ఆపేదాన్ని. ముందు ఎవర్ని పెట్టించాలి అని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు అడిగేవారు. ఇది పడకపోతే ఎవరి కూడు పోతుందో వాళ్ళని ముందు పెట్టించండి, వాళ్ళు ఇంకా షెడ్డులో ఉండగానే పెట్టించండి అని చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళు రొయ్య ఒలిచి, ఆ తర్వాత మిషన్ల వెంట తిరిగి నేను నేర్చుకున్నది అంతే.