కోనోకార్పస్ అని రాసిచ్చిన నెమలినార

చెట్టు కొట్టెయ్యాలన్న కాగితం మీద నేను గూడ సంతకం పెట్టిన. ఈ ముచ్చట నేనే ముందుగాల చెప్తున్న, ఇంకెవరో చెప్తే ఇంకింత సిగ్గుచేటు. నాచారంల మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన గోడకు ఆనుకొని ఒక పెద్ద చెట్టుంది. ఆ పొద్దు ఫ్యాక్టరీ ల్యాబ్‌ల డ్యూటీ దిగొచ్చి, కాళ్లు గుంజుతుంటె లిఫ్టు కాడ నిలవడ్డ. మా అసోసియేషన్ ప్రెసిడెంటు సారు ప్యాడు, పెన్ను నా చేతుల పెట్టిండు.

"గేటు కాడిది కోనోకార్పస్ మేడం. దాని పుప్పొడికి ఆయాసం వస్తది, సర్కారోళ్లే రోడ్ల మీదివి తీసేయిస్తున్నరు. ఆదివారం కొట్టిస్తున్నం," అన్నడు.

పెట్టిన. మా దగ్గర కాగితాలన్నీ గిట్లనే నడుస్తయి. కింద ఎందరు సంతకం పెట్టిన్రో చూస్తం గని పైన ఏం రాసిన్రో చదువం.

తెల్లారి బట్టలు ఇద్దామని కిందికి పోయిన. ఆ చెట్టు కిందనే ఇస్త్రీ బండి. ఆ బండి నడిపే అక్కది జనగామ దిక్కు. బొగ్గుల పెట్టె పట్టుకొని పొద్దంత నిలవడాలె. అసలే ఏప్రిల్ ఎండలు. ఒకదిక్కు మోరీ, ఇంకోదిక్కు ట్రాన్స్‌ఫార్మర్. ఆ నీడ పోతే ఆమె బండి పెట్టుకోనీకి గల్లీల ఇంకో జాగ లేదు.

"చెట్టు కొడతరట గద మేడం," అన్నది, పెట్టె ఆపకుంటనే.

"అది కోనోకార్పస్ అక్కా, మంచిది కాదట," అన్న, నాకేదో మస్తు తెలిసినట్టు.

ఆమె పెట్టె పక్కకు పెట్టింది. "ఎవలన్నరు గట్లని? గిది నెమలినార. మా ఇంటెన్క దొడ్డిల రెండుండె."

నేను ఉప్పల్‌ల పుట్టి పెరిగినదాన్ని. ఆ పేరు ఎన్నడు ఇన్లేదు. నా మొఖం చూసి ఆమెకు అర్థమైంది. కింద పడ్డ ఎండు కాయ, బిళ్ల లెక్క ఉన్నదొకటి తీసి నా అరచేతిల పెట్టింది. కాగితమంత పల్చగ, గుండ్రంగ, నడుమల గింజ. గోరుతోని గీరి, లోపలి పప్పు నోట్లేసుకున్నది. "చిన్నప్పుడు ఇవే తింటుంటిమి," అన్నది. తర్వాత ఆకు నలిపి నా ముక్కు కాడ పెట్టింది. ఛీ, ఏం వాసన! నేను ఎన్కకు జరిగితే ఆమె పకపక నవ్వింది.

లంచ్ టైముల ఫోన్ల ఆ పేరు కొట్టి చూసిన. నోరు తిరగని లాటిన్ పేరొకటి వచ్చింది, దాని కింద బొమ్మలు. అదే బిళ్ల, అదే పొట్టు లేసిన బెరడు. అయినా నా తృప్తి కోసం సాయంత్రం నాగోల్ దిక్కు పోయి, డివైడర్ మీద మిగిలిన అసలు కోనోకార్పస్‌ను దగ్గరికెళ్లి చూసిన. సన్నటి ఆకు, బఠాణీలంత కాయలు. మా చెట్టుకు దీనికి ఏనుగుకు ఎలుకకు ఉన్నంత తేడా. కండ్లున్నోళ్లు ఎవరైనా చెప్తరు. నాకూ కండ్లున్నయి, మరి సంతకం పెట్టేటప్పుడు ఏడ వోయినయో!

కోపం నషాళానికెక్కింది. సీదా ప్రెసిడెంటు సారు ఇంటికి పోయిన.

"సార్, అది కోనోకార్పస్ కాదు, నెమలినార."

"తెలుసు మేడం, ఏదో ఒక చెట్టు. ఆ పేరు రాస్తే ఆఫీసుల ఎవ్వరు అడ్డం చెప్పరు. అందరు అట్లనే రాస్తరు."

"మరి ఆయాసం ఎవరికి?"

"ఎవ్వరికి లేదు. బిళ్లలన్నీ నా కారు మీద పడుతున్నయి. దినాం ఎంతని కడగాలె?"

ఇంత మాట ఎంత నిమ్మళంగ అన్నడో! ఒక మనిషి పొట్టకూడు పోతుంటె ఈయనకు కారు అద్దం మీద ఫికరు. తెల్లారి లీవు పెట్టి వార్డు ఆఫీసుకు పోయిన. అక్కడి క్లర్కు నేను తీసుకపోయిన ఆకు దిక్కు, బిళ్ల దిక్కు చూడనన్న చూడలే.

"పేరు తప్పైతే పాత అప్లికేషన్ నడువదు. కొత్తది రాసి అందరి సంతకాలు తేవాలె, అప్పటిదాంక చెట్టు ముట్టొద్దు," అన్నడు.

"తెస్త," అన్న.

నేనే రాసిన, పెద్ద పెద్ద అక్షరాలల్ల. చెట్టు పేరు: నెమలినార. కొట్టేందుకు కారణం: బిళ్లలు కారు మీద పడుతున్నయి. నష్టపోయేది: కింద ఇస్త్రీ బండి నడుపుకునే ఆమె. రాసి, అదే ప్యాడు మీద పెట్టుకొని, మొదట సంతకం పెట్టినోళ్ల తలుపులన్నీ కొట్టిన. ఒకామె చదివి, మా ఆయన వచ్చినంక చూద్దామన్నది. ఒకాయనకు కండ్లద్దాలు దొరకలే, అవి ముక్కు మీదనే ఉన్నయి. ప్రెసిడెంటు సారు రెండుసార్లు చదివిండు.

"ఇట్ల రాస్తే బాగుండదు మేడం. ఇది చూసి ఎవలు పెడతరు సంతకం?"

"నేనూ అదే అడుగుతున్న సార్."

పెన్ను నాకు వాపస్ ఇచ్చిండు. ఆదివారం రంపాలోళ్లు రాలే.

సోమవారం బట్టలు తీసుకొని, గెలిచొచ్చినట్టు బండి కాడికి పోయిన. జరిగిందంత చెప్పిన. నెమలినార అని రాసిన కాగితం గూడ చూపించిన. ఆమె చెయ్యి తుడుచుకొని కాగితం పట్టుకున్నది. చదువు రాదు, అయినా చానసేపు చూసింది.

"మంచిపని చేసినవ్ మేడం. ఇందరి తలుపులు కొట్టినవ్, ఆఫీసుకు వోయినవ్, నాగోల్ దాంక వోయినవ్." కాగితం మడిచి నా చేతిల పెట్టింది. "సంతకం పెట్టకముందు నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గద. నేను దినాం ఈడనే ఉంటి."