భాగ్యక్క చెప్పిన మర్డర్ నవల

సూరత్‌లో మా చిన్నప్పుడు... నవల వినాలంటే చదివే మనిషి పని మిగతావాళ్లు చేసిపెట్టాలి. మా గల్లీలో అదే రివాజు.

మగవాళ్లు మగ్గాల కార్ఖానాకు వెళ్లాక, ఆడవాళ్లంతా భాగ్యక్క గదిలో చేరి చీరలకు వేలాడే దారాలు కత్తిరించేవాళ్లు. వాళ్లలో తెలుగు చదవడం వచ్చింది ఆమెకొక్కదానికే. ఆమె వంతు చీరలు తలా కొన్ని పంచుకునేవాళ్లు... ఆమె గోడకు ఆనుకుని నవల చదివేది. నాది గుజరాతీ బడి, అప్పట్లో తెలుగు అక్షరం ముక్క రాదు, పెద్దయ్యాకే నేర్చుకున్నాను. నోరు తెరుచుకుని వినడమే నా పని.

ఒక నవలలో సుజాత రైల్లో హత్య చూస్తుంది. శవం కాళ్లకు రెండూ ఎడమ చెప్పులే. హంతకుడు సుజాత వెంట పడతాడు... మా సూరత్ పక్కనే ఉన్న ఉధ్నా స్టేషన్‌లో ఆమె రైల్లోంచి దూకినప్పుడు మా అమ్మ కత్తెర పక్కన పడేసి ఏడ్చింది. నాన్న చనిపోయిన ఏడాది అది.

"దాన్ని సంపకే భాగ్యా... సంటిపిల్ల ఉన్నది దానికి" అంది.

భాగ్యక్క అమ్మను కాసేపు చూసి మళ్లీ పుస్తకంలో తల పెట్టింది. సుజాత బతికింది. ఒక చీరల గోదాములో దాక్కుంది. ఎవరో తలుపు కొట్టిన దగ్గర ఆ రోజుకు కథ ఆగింది... ఆ వారమే కార్ఖానా మూతపడింది. భాగ్యక్క వాళ్లు గది ఖాళీ చేసి మగ్గాల పని వెతుక్కుంటూ భివండి వెళ్లిపోయారు. మళ్లీ జాడ లేదు.

ఇప్పుడు అమ్మ సూరత్‌లోనే, అడాజన్‌లో ఆసుపత్రిలో ఉంది. సోమవారం గుండె ఆపరేషన్. రోజూ నాతో ఒకటే పోరు...

"ఫోన్ల అన్నీ దొరుకుతయంటవు గదనే బిడ్డా. ఆ తలుపు కొట్టిందెవరో జర చూసి చెప్పు. లోపల్కి పోయినంక మళ్ల వస్తనో రానో."

నవల పేరు కూడా తెలియదు... కళ్లు కాయలు కాసేలా వెతికాను. ఏ రివ్యూ చూసినా ఒకటే పాట, 'ఒక్క బిగిన చదివేశా, ముగింపు చెబితే మజా పోతుంది' అని. ఒళ్లు మండిపోయింది నాకు. చెప్పి చావండయ్యా, మా అమ్మకు టైము లేదు.

చివరికి ఒక పాఠకుల గ్రూపులో ఓ పెద్దాయన ఎడమ చెప్పులను బట్టి నవలను గుర్తుపట్టారు. కథంతా రాసి పంపారు. అందులో సూరత్ లేదు, ఉధ్నా లేదు... ఆ అమ్మాయి సగం కథలోనే రైలు కింద పడి చచ్చిపోతుంది.

గోదాము, తలుపు, అవన్నీ భాగ్యక్క పుస్తకం చేతిలో పట్టుకుని అమ్మ కోసం కల్పించి చెప్పినవి. ఇక ముగింపు ఎక్కడని వెతకను? ఏడుపొచ్చింది.

ఏదో ఒకటి నేనే చెబుదామనుకున్నాను. "తలుపు కొట్టింది పోలీసు అమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖం చూసి కళ్లు మూసుకుంది. "ఏంది గిట్ల చెప్తవు... భాగ్య గిట్ల చెప్పది."

ఇప్పుడు ఏ నవల కథయినా నిమిషంలో దొరుకుతుంది... ఎదుటి మనిషి ఏడుపు చూసి కథ మార్చే వాళ్లే దొరకడం లేదు. మీ గల్లీలోనూ ఇలా నవల చదివి వినిపించిన అక్క ఉందా? భివండిలో భాగ్యక్క దగ్గర సుజాత కథ విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ తర్వాత ఏమైందో రాయండి... ఇవాళ శనివారం.